నీ వ్యాసంలో బరి ఉంది, షెడ్డు లేదు

తమ్ముడూ,

కోడిపందాల మీద నువ్వు పంపింది రెండుసార్లు చదివా. బాగుంది అని ఊరికే అనేయొచ్చు, కానీ నువ్వు అడిగింది అది కాదు కదా, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు ఆ "మూగజీవాలు" అనే మాట కొట్టెయ్. పేజీకి రెండుసార్లు వాడావ్. కత్తి కట్టేటప్పుడు కాలు బిగించి పట్టుకుంటే పుంజు చేసే గోల ఎప్పుడైనా విన్నావా? అది మూగదేం కాదు, మనకే వినబుద్ధి కాదు. ఆ మాట కనపడగానే చదివేవాడు అయ్యో పాపం అనుకుని తన పని తను చూసుకుంటాడు.

నీకు కావాల్సింది వాదన. జంతువులు ఆలోచించగలవా, మాట్లాడగలవా అని కాదు, బాధపడగలవా అని అడగాలని ఇంగ్లిష్ తత్వవేత్త బెంథామ్ 1789లోనే ఒక ఫుట్‌నోట్‌లో రాసేశాడు. 1975లో పీటర్ సింగర్ అనే ఇంకో తత్వవేత్త ఆ దారిలోనే వెళ్ళి, బాధ ఎవరిదైనా ఒకే తూకం వెయ్యాలి, జీవజాతి వేరని తగ్గించకూడదు అన్నాడు. 1983లో టామ్ రీగన్ అనే మరో తత్వవేత్త అసలు ఈ తూకమే వద్దన్నాడు, తన బతుకు తనకి ముఖ్యమైన ప్రాణిని ఇంకొకరి అవసరానికి సరుకు చెయ్యడమే తప్పు అని ఆయన పట్టు. ఈ పేర్లు నీ వ్యాసంలో పెట్టకు, పరీక్ష పేపర్‌లా తయారవుతుంది. కానీ సింగర్‌నీ రీగన్‌నీ నీ పుంజు దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టు, అప్పుడు చూడు.

పందెం పుంజుని నెలల తరబడి బాదంపప్పు పెట్టి, ఈత కొట్టించి, కొడుకులా సాకుతారు, బరిలో ఓడితే కొన్ని నిమిషాల్లో పోతుంది. బ్రాయిలర్ కోడి ఆరు వారాలు కిక్కిరిసిన షెడ్డులో, తన కాళ్ళు మొయ్యలేని బరువు పెరిగి, బండెక్కి వస్తుంది. సింగర్ తూకంలో ఏది ఘోరం? రీగన్ అయితే రెండూ తప్పే అంటాడేమో. నువ్వు మాత్రం బరి గురించి నాలుగు పేజీలు రాసి షెడ్డు ఊసే ఎత్తలేదు, ఎందుకంటే బరి దగ్గర తప్పు ఎవడో పందెంరాయుడిది, షెడ్డు దగ్గర మనది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కూడా కొంచెం ఇలాంటిదేలే, జంతువుల్ని పోట్లాటకి ఉసిగొల్పితే నేరం, తిండికి చంపితే మినహాయింపు, కాకపోతే అనవసరంగా బాధపెట్టకూడదు. ఆ "అనవసరంగా" దగ్గర ఆగి రెండు రోజులు ఆలోచించు.

నా సంగతీ చెప్తా. మొన్న ఆదివారం చికెన్ షాపులో నిలబడ్డా, అతను కోసి నీలం డ్రమ్ములో పడేశాడు, లోపల్నుంచి డబడబమని చప్పుడు, స్కిన్‌తోనా స్కిన్‌లెస్సా అని అడిగాడు, నేను ఫోన్ చూసుకుంటూనే స్కిన్‌లెస్ అన్నా. ఇన్నేళ్ళు రాస్తూ కూడా. ఆ చప్పుడు ఎప్పుడు ఆగిందో నాకు గుర్తులేదు.

కర్నూలు జిల్లా ఎర్రగుడికి వీలైతే వెళ్ళు, అశోకుడి శాసనాలున్న బండలు ఉన్నాయి అక్కడ. తన వంటింట్లో ఒకప్పుడు రోజూ లక్షల ప్రాణులు పోయేవి, ఇప్పుడు మూడే, రెండు నెమళ్ళు, ఒక జింక, ఆ జింక కూడా రోజూ కాదు, ఇక ముందు అవీ ఉండవు అని చెక్కించాడు. అంత పెద్ద రాజు, మానేశాం అని గొప్పగా చెప్పుకోకుండా ఇంకా మూడు మిగిలాయని లెక్క చెప్పాడు చూడు, అదీ రాయడమంటే.

ఇంకోటి, ఇది జాగ్రత్త. మన దగ్గర మాంసం వద్దు అనే మాట వెనక చాలాసార్లు కులం నక్కి ఉంటుంది, తినేవాళ్ళని ఈసడించడానికి జంతువుని అడ్డం పెట్టుకుంటారు. నీ మూడో పేజీలో "సంస్కారం ఉన్నవాళ్ళెవరూ" అని ఒక వాక్యం ఉంది, నువ్వు ఆ ఉద్దేశంతో రాయలేదని తెలుసు, అయినా తీసెయ్.

రెండో డ్రాఫ్టులో మీ ఇంటి ఆదివారం కూర ఉండాలి. ఎవరు తెచ్చారు, ఎవరు కడిగారు, నువ్వేం చేస్తున్నావ్ అప్పుడు. వచ్చే నెల పదో తారీకు లోపు పంపు, ఆ తర్వాత నేను ఊళ్ళో ఉండను.

అన్న