కాఫీ మరిగించడం, మరిగింపజేయడం

ప్రశ్న: ఇథియోపియాలో మాట్లాడే అమ్హారిక్‌లో ప్రేరణార్థక క్రియలకు ('చేయించు', 'నవ్వించు' లాంటివాటికి) ముందు 'అ', 'అస్' అని రెండు ప్రత్యయాలు వస్తాయట. మొదటిది అకర్మక క్రియలకు, రెండోది సకర్మక క్రియలకు అనుకోవచ్చా?

జవాబు: నేనూ మొదట్లో అలాగే అనుకున్నానండీ. అడిస్ అబాబాలో ఉండగా ఒకరోజు అతిథులకు కాఫీ పెట్టించి, 'బున్నా అఫెల్లాహు' (కాఫీ మరిగించాను) అన్నాను. పక్కింటావిడ జెబెనా, అంటే సన్న మెడ ఉన్న మట్టి కాఫీకూజా, కింద పెట్టి, 'పెట్టింది నేను కదా, అస్ఫెల్లాహు అనాలి' అని సరిదిద్దింది. 'ఫెల్లా' అంటే మరిగింది. 'అఫెల్లా' అంటే తానే మరిగించాడు. 'అస్ఫెల్లా' అంటే ఇంకొకరిచేత ఆ పని చేయించాడు.

ఇంతవరకూ మీ సూత్రం నిలబడుతుంది. 'మెత్తా' (వచ్చాడు) నుంచి 'అమెత్తా' (తెచ్చాడు) కూడా అలాంటిదే. కానీ నవ్వడం అకర్మకమే అయినా నవ్వించడానికి 'అస్' కావాలి. తినడం సకర్మకం, అయినా 'బెల్లా' (తిన్నాడు) నుంచి 'అబెల్లా' (తినిపించాడు) వస్తుంది. తాగడమూ ఇంతే.

కర్మ ఉందా లేదా అన్నది కాదు, కర్త పాత్ర ఏమిటన్నది చూడాలి. నవ్వేవాడు ఆ పనికి తానే మూలం, కాబట్టి 'అస్'. మరిగే నీళ్లకు మార్పు జరుగుతుంది, కాబట్టి 'అ'. తినేవాడు రెండూ: పని చేసేదీ అతనే, కడుపు నిండేదీ అతనికే. అందుకే ఆ క్రియ 'అ' వైపు మొగ్గిందని వివరిస్తారు. నాకూ ఇదే నమ్మదగ్గదిగా తోస్తుంది. అకర్మకం, సకర్మకం అనే రెండు గదులు ఈ భాషకు చాలవు.