'ఒక్కడు' వేరే భాషల్లోకి వెళ్తే అందులోని కర్నూలు ఏమైంది?

కర్నూలు మాయమైంది. 2003 సంక్రాంతికి వచ్చిన 'ఒక్కడు'లో మహేశ్‌బాబు హైదరాబాద్ కుర్రాడు, విలన్ ఓబుల్‌రెడ్డిది కర్నూలు. కొండారెడ్డి బురుజు దగ్గర హీరోయిన్‌ను కాపాడే సీను తెలియనివాళ్లు మా ఊళ్లో ఉండరు.

2004లో తమిళంలో విజయ్‌తో 'గిల్లి'గా తీశారు. అక్కడ కర్నూలు మదురై అయింది, హైదరాబాద్ చెన్నై అయింది. 2015లో హిందీ 'తేవర్' వచ్చేసరికి విలన్‌ది మథుర, హీరోది ఆగ్రా. కన్నడంలోనూ పునీత్ రాజ్‌కుమార్‌తో 'అజయ్' వచ్చింది. తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ విలన్ ప్రకాశ్‌రాజే!

ఎందుకు మార్చారంటే, ఆ కథకు కావలసింది పేరు వినగానే "అమ్మో, అక్కడి మనుషులతో పెట్టుకోకూడదు" అనిపించే ఊరు. ఆ భయం చూసే జనానికి ముందే ఉండాలి. కర్నూలు అంటే ఫ్యాక్షన్ అని తెలుగువాళ్లకు తడుతుంది, ఆగ్రాలో కూర్చున్నవాడికి ఏం తడుతుంది? (ఆ పేరు మాకు సినిమాలే ఎక్కువగా అంటగట్టాయని నా బాధ, అది వేరే సంగతి.)

డబ్బింగ్‌లో ఈ గొడవ లేదు. 2021 'పుష్ప' హిందీలో ఆడినా కథ శేషాచలం అడవుల్లోనే ఉంది. అయితే అక్కడ చిత్తూరు యాస పోయింది. హిందీలో అల్లు అర్జున్‌కు డబ్బింగ్ చెప్పిన నటుడు శ్రేయస్ తల్పడే గొంతు బాగానే కుదిరింది గానీ, ఆ యాసను హిందీలోకి ఎవరు మాత్రం ఎలా తెస్తారు?