వాయుగోణుల మాక్రోఫేజ్‌ల మీద పని మొదలుపెడుతున్న హారికకు

చిరంజీవి హారికకు,

ఆశీస్సులు. ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు సిద్ధబీజాలు (స్పోర్లు) ఊపిరితిత్తుల్లోకి చేరినప్పుడు, చొరబడినవాటిని మింగే రక్షణ కణాలైన అక్కడి మాక్రోఫేజ్‌లలో ఏ జన్యువులు పనిలోకి దిగుతాయో, ఏవి అణిగిపోతాయో చూడాలని నువ్వు రాసుకున్న పరిశోధన ప్రణాళికను శ్రద్ధగా చదివాను. ప్రశ్న మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన శిలీంధ్రాల జాబితాలో ఈ బూజు అత్యంత ప్రమాదకరమైన వర్గంలో ఉంది కనుక, దీని మీద ఎందుకు పనిచేస్తున్నావని ఎవరూ అడగరు. అయితే నీ ప్రణాళిక మొత్తం సిద్ధబీజం లోపలికి వచ్చిన తర్వాతి గంటల మీదే నడుస్తోంది. మాక్రోఫేజ్ ఎంతవరకు స్పందించగలదన్నది చాలామేరకు బూజు రాకముందే నిర్ణయమై ఉంటుంది. నీ పని కూడా అక్కడి నుంచే మొదలుకావాలని నా అభిప్రాయం.

ఊపిరితిత్తుల గాలి సంచులైన వాయుగోణుల్లోని మాక్రోఫేజ్‌లలో అధికభాగం పిండదశలో కాలేయం నుంచి వచ్చిన మోనోసైట్ల (ఒక రకం తెల్ల రక్తకణాల) సంతతి. పుట్టిన తొలి రోజుల్లో జీఎం-సీఎస్ఎఫ్ అనే సంకేత ప్రోటీన్ ప్రభావంతో వాటిలో పీపీఏఆర్-గామా అనే అనులేఖన కారకం (జన్యువులను పనిలోకి దింపే ప్రోటీన్) పనిచేయనారంభించి, గాలి సంచులను ముడుచుకుపోనీయని పొరైన సర్ఫాక్టెంట్‌ను అరిగించుకుంటూ అనవసరమైన వాపును రానీయని ప్రత్యేక స్వభావాన్ని వాటికి ఇస్తుంది. పీయూ.1 వంటి కారకాలు డీఎన్‌ఏ, ప్రోటీన్ల చుట్ట అయిన క్రొమాటిన్‌లో కొన్ని ఎన్‌హాన్సర్లను (జన్యువుల జోరు పెంచే డీఎన్‌ఏ భాగాలను) ముందే తెరిచి ఉంచుతాయి. తర్వాత ప్రమాద సంకేతం అందినప్పుడు ఎన్ఎఫ్-కప్పా బి, ఏపీ-1 అనే అనులేఖన కారకాలు వచ్చి ఎక్కువగా కూర్చునేది ఆ తెరిచిన చోట్లలోనే. ఎలుకల మీద జరిపి 2014లో వెలువరించిన పరిశోధనలు, ఒక్కో అవయవంలోని మాక్రోఫేజ్‌లకు ఎన్‌హాన్సర్ల అమరిక ఒక్కో విధంగా ఉంటుందనీ, ఉదరకుహరం నుంచి తీసిన మాక్రోఫేజ్‌లను ఊపిరితిత్తుల్లోకి మారిస్తే ఆ అమరిక చాలావరకు ఊపిరితిత్తులకు తగినట్టు మారిపోతుందనీ చూపాయి. జీఎం-సీఎస్ఎఫ్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారయ్యే రోగుల్లో సర్ఫాక్టెంట్ పేరుకుపోవడమే కాక క్రిప్టోకాకస్ వంటి శిలీంధ్రాల బెడద కూడా కనిపించడానికి కారణం ఈ కణాల స్వభావమే దెబ్బతినడం.

అందువల్ల ఎముక మజ్జ నుంచి పెంచిన మాక్రోఫేజ్‌లను, సంఖ్య సులభంగా దొరుకుతుందన్న కారణంతో, వాయుగోణుల కణాలకు బదులుగా వాడవద్దు. నీ ప్రణాళికలో మూడో వంతు వాటి మీదే ఉంది. ఒక పద్ధతిని సరిచూసుకోవడానికి అవి చాలు, ఒక నిర్ధారణకు రావడానికి చాలవు. ఎలుక ఊపిరితిత్తులను కడిగి తీసిన కణాలను కూడా రోజుల తరబడి ప్లాస్టిక్ పాత్రలో ఉంచితే అవి తమ స్వభావాన్ని కోల్పోతాయి. తీసిన పూటే పని ముగించే విధంగా ప్రయోగాన్ని అమర్చుకో. బూజు సోకని ఎలుకల కణాల్లో క్రొమాటిన్ ఏయే చోట్ల తెరిచి ఉందో ఏటీఏసీ-సీక్ పద్ధతితో ముందుగా నమోదు చేయి. అందుకు యాభై వేల కణాలు సరిపోతాయి కనుక ఒక్క ఎలుక నుంచి దొరికేవే చాలు.

ఇక సిద్ధబీజం సంగతి. నిద్రాణంగా ఉన్న సిద్ధబీజం మీద రోడ్-ఏ అనే ప్రోటీన్ పొర ఉండటం వల్ల మాక్రోఫేజ్ దాన్ని దాదాపు గుర్తుపట్టదు. అది నీరు పీల్చుకొని ఉబ్బి, పొర ఊడిపోయిన తర్వాతే లోపలి బీటా-గ్లూకాన్ (గోడలోని చక్కెర గొలుసు) బయటపడుతుంది. దాన్ని పట్టుకొనే గ్రాహకం డెక్టిన్-1 అని 2001లో తేలింది. అక్కడి నుంచి సంకేతం సిక్, కార్డ్9 అనే ప్రోటీన్ల మీదుగా కేంద్రకానికి చేరుతుంది. 37 డిగ్రీల పోషక ద్రవంలో ఈ ఉబ్బడానికి కొన్ని గంటలు పడుతుంది. కాబట్టి నువ్వు రాసిన 'రెండో గంట', 'ఆరో గంట' అన్నవి సిద్ధబీజాలు ఏ దశలో ఉండగా ఇచ్చావో చెప్పకపోతే అర్థంలేని అంకెలు. వేడితో చంపిన సిద్ధబీజాల్లో బీటా-గ్లూకాన్ అసహజంగా బయటపడుతుంది. వాటి ఫలితాన్ని బతికున్న వాటి ఫలితంతో కలపవద్దు. ప్రతి విడత సిద్ధబీజాలనూ ఎండోటాక్సిన్ కోసం పరీక్షించు, ఎందుకంటే బ్యాక్టీరియా మలినం రవ్వంత ఉన్నా మాక్రోఫేజ్ దానికే ముందు స్పందిస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది ఏ కణాన్ని కొలుస్తున్నావన్న విషయంలో. ఇన్ఫెక్షన్ మొదలైన కొద్ది గంటల్లోనే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు, ఆ తర్వాత మోనోసైట్లు రక్తం నుంచి ఊపిరితిత్తుల్లోకి వచ్చిపడతాయి. కణాలన్నిటినీ కలిపి ఆర్‌ఎన్‌ఏ తీస్తే నీకు కనిపించే మార్పు జన్యు నియంత్రణలో వచ్చినది కాక, కణాల జనాభాలో వచ్చినది కావచ్చు. సీడీ11సీ, సిగ్లెక్-ఎఫ్ అనే ఉపరితల ప్రోటీన్లు రెండూ అధికంగా ఉన్న కణాలనే విడదీయి. ఇయోసినోఫిల్స్ అనే మరో రకం తెల్ల రక్తకణాల మీద కూడా సిగ్లెక్-ఎఫ్ ఉంటుందనీ, వాయుగోణుల మాక్రోఫేజ్‌లు తమంతట తామే వెలుగు చిమ్ముతాయి కనుక రంగు వేయని కంట్రోల్ తప్పనిసరి అనీ గుర్తుంచుకో. రెండు రంగుల సిద్ధబీజాలు ఇప్పుడు వాడుకలో ఉన్నాయి: బూజు తనంతట తయారుచేసే ఎరుపు ప్రోటీన్ అది చస్తే మాయమవుతుంది, గోడకు అంటించిన రంగు మిగులుతుంది. వాటితో ఒకే ఊపిరితిత్తిలో సిద్ధబీజాన్ని మింగని కణాన్నీ, మింగి చంపినదాన్నీ, మింగినా చంపలేకపోయినదాన్నీ వేరుచేయవచ్చు. ఈ మూడింటి మధ్య తేడాయే నీ సిద్ధాంత గ్రంథానికి ప్రాణం అవుతుందని నేననుకుంటున్నాను. సోకిన ఎలుకనూ సోకని ఎలుకనూ పోల్చి రంగురంగుల పటాలు గీయడం ఎవరైనా చేయగలరు.

కణజాలాన్ని 37 డిగ్రీల దగ్గర ఎంజైములతో విడగొట్టడం వల్లనే ఫాస్, జూన్ జన్యువులు పెరుగుతాయి. ఏపీ-1 తయారయ్యేది వాటి నుంచే కనుక, ఎంజైము చేసిన పనిని బూజు చేసిందని నమ్మే ప్రమాదం నీ విషయంలో మరీ ఎక్కువ. చల్లని ద్రావణంతో కడిగి కణాలను తీయడం మేలు.

ఆర్‌ఎన్‌ఏ పెరిగినంత మాత్రాన రక్షణ పెరిగిందని రాయవద్దు. వాపు పుట్టించే ఐఎల్-1 బీటా ప్రోటీన్ కోసం ఆర్‌ఎన్‌ఏ సందేశం ఎంత తయారైనా, ఇన్‌ఫ్లమసోమ్ అనే ప్రోటీన్ల కూటమి పనిచేసి ఆ ప్రోటీన్‌ను కత్తిరిస్తేనే అది ఉపయోగంలోకి వస్తుంది. సిద్ధబీజం గోడలోని మెలనిన్ మాక్రోఫేజ్ లోపలి చంపే ప్రక్రియను జన్యువుల జోలికి పోకుండానే అడ్డుకుంటుంది. అయితే నియంత్రణలోని లోపం ప్రాణాంతకం కావడానికీ ఉదాహరణ ఉంది: మూలకణ మార్పిడిలో దాతకు పీటీఎక్స్3 జన్యువులో ఒక రకం వైవిధ్యం ఉంటే, ఆ జన్యువు ఇచ్చే రక్షణ ప్రోటీన్ తగినంత తయారుకాక, గ్రహీతకు ఆస్పర్‌జిల్లోసిస్ (ఈ బూజు వ్యాధి) ముప్పు పెరుగుతుందని 2014లో తేలింది.

చివరగా, రెండో దశలో రోగుల నమూనాలు తీసుకుంటానని రాశావు. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్ అనబడే మ్యూకర్‌మైకోసిస్‌ను తప్పక తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించినప్పుడు, అదుపులేని మధుమేహమూ స్టెరాయిడ్లూ కలిస్తే శిలీంధ్రాలకు ఎంత చోటు దొరుకుతుందో మన ఊళ్లవాళ్లంతా చూశారు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ కలిసిన గ్రాహకం ఎన్ఎఫ్-కప్పా బి, ఏపీ-1ల పనిని అణచడమే కాక, అది కూడా చాలావరకు అప్పటికే తెరిచి ఉన్న క్రొమాటిన్ మీదే కూర్చుంటుంది. రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్ మందు మరో దారిలో, అనులేఖన కారకమైన ఎన్‌ఎఫ్‌ఏటీని కేంద్రకంలోకి పోనీయకుండా ఆపుతుంది. కనుక ప్రతి నమూనాతోపాటు ఏ మందు, ఎంత మోతాదు, చివరి మోతాదు ఏ గంటకు ఇచ్చారు, అప్పటి రక్తంలో చక్కెర ఎంత అన్నవి రాయించుకో. నైతిక సంఘానికి పంపే పత్రంలో ఆ గడులను ఇప్పుడే చేర్చు. అనుమతి వచ్చిన తర్వాత చేర్చాలంటే మళ్లీ నెలలు పడుతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న