‘నెగటివ్‌గా మాట్లాడొద్దన్నారు కదా మేడమ్!’

ప్రశ్న: నా వయసు 43. ఒక బ్యాంకు బ్రాంచికి మేనేజరును. టార్గెట్ల ఒత్తిడితో నీరసించిపోయిన బ్రాంచి బాధ్యత తీసుకున్న నాటి నుంచి సిబ్బందిలో ఉత్సాహం నింపడమే నా మొదటి పని అనుకున్నాను. రోజూ ఉదయం పది నిమిషాలు అందరినీ కూర్చోబెట్టి మంచి మాటలే మాట్లాడతాను. మొన్న ఒక రైస్ మిల్లుకు ఇచ్చిన టర్మ్ లోను మొండి బాకీల్లోకి జారింది. మిల్లు ఆగిపోయిన సంగతి మా ఫీల్డ్ ఆఫీసరుకు రెండు నెలల ముందే తెలుసట. ఎందుకు చెప్పలేదంటే, ‘ఒకసారి చెప్పబోయాను, నెగటివ్‌గా మాట్లాడొద్దన్నారు కదా మేడమ్’ అన్నాడు. ఆ రోజు నేను ‘అలా అనకండి, మీరు తలుచుకుంటే ఈ నెలే కట్టిస్తారు’ అని అందరి చేత చప్పట్లు కొట్టించిన మాట నిజమే. ఇప్పుడతను బదిలీకి అర్జీ పెట్టాడు. అదే వారంలో, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి మూడు నెలలుగా వీక్లీ టెస్టు మార్కులు నా దగ్గర దాస్తోందని బయటపడింది. మావారికి మాత్రం అన్నీ తెలుసు. నేను ఎవరినీ కసురుకోను, తిట్టను. ఆశతో ఉండటం కూడా తప్పేనా?

జవాబు: తప్పు కాదు. నీరసించిపోయిన చోట మనుషులకు మళ్లీ పని మీద మనసు కలిగించడం అందరికీ చేతనయ్యే విద్య కాదు, దాన్ని వదులుకోమని నేను చెప్పను. అయితే ఎవరినీ పల్లెత్తు మాట అనని మీ దగ్గర ఇంటా బయటా మనుషులు నోరు విప్పడానికి ఎందుకు జంకుతున్నారన్న ప్రశ్న మిగిలే ఉంది. దానికి జవాబు ఆ ఉదయపు చప్పట్లలో ఉందని నాకు అనిపిస్తోంది.

ఆ పది నిమిషాలను ఒకసారి అతని వైపు నుంచి చూడండి. మిల్లు దగ్గరికి వెళ్లి గేటుకు తాళం చూసి వచ్చాడు. చెప్పాలా వద్దా అని తటపటాయించి, చివరికి నలుగురి ముందు మాట ఎత్తాడు. మీరు ఆ మాటను పూర్తి కానివ్వకుండానే అతన్ని మెచ్చుకున్నారు. చప్పట్లు మోగాక ఏ మనిషి అయినా చేసేది ఒక్కటే, కూర్చోవడం. తిట్టే మేనేజరుకు చెడు వార్త చెప్పినవాడికి చెప్పవలసింది చెప్పేశానన్న తృప్తి అయినా మిగులుతుంది. మీ దగ్గర ఆ తృప్తీ మిగల్లేదు, ఎందుకంటే అతను మిల్లు గురించి చెప్పిన మాటను మీరు అతని మనోధైర్యానికి సంబంధించిన మాటగా మార్చేశారు. వాస్తవం చెప్పబోయినవాడు పిరికివాడిగా తేలాడు. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు, బహుశా అతనికీ తెలుసు, అందుకే మీతో పోట్లాడకుండా బదిలీ కోరుకున్నాడు.

మీ వృత్తిలోనే దీనికి విరుగుడు ఉంది. వాయిదా 90 రోజులు దాటితే గాని రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం టర్మ్ లోను మొండి బాకీ కాదు. అంతకు ముందే, ప్రత్యేకంగా కనిపెట్టి చూడవలసిన ఖాతా (స్పెషల్ మెన్షన్ అకౌంట్, ఎస్ఎంఏ) అన్న పేరుతో, 30 రోజుల లోపు ఎస్ఎంఏ-0, 60 రోజుల లోపు ఎస్ఎంఏ-1, 90 రోజుల లోపు ఎస్ఎంఏ-2 అని మూడు మెట్లు పెట్టారు. ఖాతా ఇంకా చేజారక ముందే దాని గురించి చెడుగా మాట్లాడుకోవడం తప్పనిసరి చేసిన ఏర్పాటు అది. ఆ జాబితాలో ఈ మిల్లు పేరు మీరు కూడా చూసే ఉంటారు, ఆలస్యమే తప్ప ప్రమాదం లేదని అనుకొని ఉంటారు. కంప్యూటరు రోజులు లెక్కపెట్టి చూపిస్తుంది గాని, గేటుకు తాళం పడిందని, హమాలీలు వేరే మిల్లులో పనికి కుదిరిపోయారని మనిషే వచ్చి చెప్పాలి. మొదటి మెట్టు మీదే ఆ కబురు అంది ఉంటే మిల్లు యజమానిని కూర్చోబెట్టి మాట్లాడటానికో, వాయిదాల మార్పుకు ప్రతిపాదన పంపడానికో వ్యవధి దొరికేది.

ఆశావాదానికి ఉన్న రెండు ముఖాలూ ఒకే రోజు కనిపించిన సందర్భం మన శ్రీహరికోటలోనే ఉంది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 తొలి ప్రయోగానికి కొద్ది నిమిషాల ముందు కంప్యూటరు ఆపమని సూచించిందని, ఫరవాలేదన్న నిపుణుల మాట మీద నమ్మకంతో తాను దాన్ని పక్కన పెట్టి ముందుకు వెళ్లానని, నాటి ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం గారే తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. రెండో దశ అదుపు తప్పి రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. ఆ తర్వాత విలేకరుల ముందుకు కలాం గారిని పంపకుండా ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్ గారే వెళ్లి, ఈ వైఫల్యానికి బాధ్యత తనదని, తన బృందం మీద నమ్మకం ఉందని, ఏడాదిలో విజయం సాధిస్తామని చెప్పారు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది, ఆ రోజు విలేకరులతో మాట్లాడమని ఆయన కలాం గారిని పంపారు. ఈ కథను మన దగ్గర ధవన్ గారి పెద్దమనసుకు ఉదాహరణగానే చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆయన మాటల వరస ముఖ్యం: ముందు విఫలమయ్యామన్నారు, తర్వాత బాధ్యత తీసుకున్నారు, నమ్మకం మాట ఆ తర్వాతే వచ్చింది. మీరు మూడో మాటతో మొదలుపెడుతున్నారు.

ఇంకో సంగతి మీరు రాయలేదు గాని ఊహించగలను. జోనల్ ఆఫీసు రివ్యూ కాల్‌లో ‘ఈ నెల అయిపోతుంది సార్’ అని మీరు కూడా అంటూ ఉంటారు. పైవాళ్లు కాదన్న మాట వినరు కాబట్టి మీరు అవునంటారు, మీరు వినరు కాబట్టి మీ కింది వాళ్లు మౌనంగా ఉంటారు. ఆ గొలుసు మొత్తాన్ని మీరొక్కరే తెంపలేరు, దాని భారమంతా మీ నెత్తిన వేసుకోవద్దు కూడా. మీ బ్రాంచి నాలుగు గోడల మధ్య మాత్రం అది మీ చేతుల్లోనే ఉంది.

ఉదయపు సమావేశాన్ని మానకండి. వారంలో ఒక రోజు మాత్రం ‘మూడు నెలల తర్వాత ఈ బ్రాంచి వసూళ్లలో వెనకబడిందనుకోండి, ఏ ఖాతాల వల్ల వెనకబడి ఉంటుంది?’ అని అడిగి, ఒక్కొక్కరి చేత కాగితం మీద రాయించండి. గేరీ క్లైన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఓటమి జరిగిపోయినట్టు ముందే ఊహించుకోమంటారు గనుక, అనుమానం చెప్పినవాడు నిరాశావాది అనిపించుకోడు. ఎవరైనా చెడు వార్త చెప్పినప్పుడు ధైర్యం చెప్పే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఎప్పటి నుంచి? మీరు స్వయంగా ఏం చూశారు? మొదట్లో ఎవరూ నోరు మెదపరు. ఆ నిశ్శబ్దాన్ని మంచి మాటతో పూడ్చాలని మీకు ఎంతగా అనిపించినా ఊరుకోండి.

మీ అమ్మాయి విషయంలో తొందర ఎక్కువ అవసరం. మార్కులు దాచింది మిమ్మల్ని మోసగించడానికి కాదు, ‘నువ్వు సాధిస్తావు’ అని రోజూ అనే తల్లికి ‘సాధించలేకపోతున్నాను’ అని ఎలా చెప్పాలో తెలియకనే. మీవారికి అన్నీ తెలియడం మీకు వెన్నుపోటులా అనిపించి ఉంటుంది గాని, ఇంట్లో ఒక్కరి దగ్గరైనా ఆ పిల్ల మాట్లాడగలిగిందంటే అది అదృష్టమే, ఆయన మీద కినుక పెట్టుకోకండి. ఒక సాయంత్రం ఆ మార్కుల కాగితాలు ముందు పెట్టుకొని ఏ సబ్జెక్టులో, ఏ పాఠం దగ్గర అర్థం కావడం ఆగిపోయిందో అడగండి. ఆ పూట ప్రోత్సాహపు మాట ఒక్కటి కూడా వద్దు. నిద్ర, తిండి తప్పినట్టు గాని, తన గురించి తాను తక్కువగా మాట్లాడుతున్నట్టు గాని కనిపిస్తే ఆలస్యం చేయకుండా మానసిక నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు మీరు గాని, తను గాని ఎప్పుడైనా ఫోను చేయవచ్చు.

ఇక ఆ బదిలీ అర్జీ. దాన్ని ఆపమని గాని, పంపమని గాని నేను చెప్పను, ఆ నిర్ణయం అతనిది. అయితే పైకి పంపే ముందు, అతని మాటను మధ్యలో ఆపింది మీరేనని, అతను చెప్పబోయింది నిజమని, ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్లందరి ముందే చెప్పండి. తర్వాత అతన్ని వెంటబెట్టుకొని ఆ మిల్లు దగ్గరికి వెళ్లి, రెండు నెలల కింద తాను ఏం చూశాడో అక్కడే నిలబడి చెప్పమనండి.