చెవి దిబ్బడేస్తే ఆదివారం దాకా ఆగకు

చంటీ,

నిన్న పొద్దున లేచినప్పటి నుంచి ఎడమ చెవి దిబ్బడ వేసింది, లోపల గుయ్యిమని మోత, ఆదివారం దాకా చూస్తాను మామయ్యా అని పెట్టావు. చూడొద్దురా. నేనూ అలాగే చూశాను. ఫోన్ ఎడమ చెవికి పెడితే మీ అత్తయ్య మాట వినపడలేదు, ఫోనే పాడైందనుకుని రెండుసార్లు కట్ చేశాను కూడా. తర్వాత గుబిలి అనుకుని గోరువెచ్చని నూనె పోసుకున్నాను, ఇంటి దగ్గర డాక్టరేమో జలుబని చుక్కల మందు రాశాడు, అలా ఇరవై రోజులు పోయాయి. ఆ చెవి ఇప్పటికీ సగమే.

నోరు మూసుకుని ‘మ్‌మ్‌’ అని రాగం తీసి చూడు. దిబ్బడేసిన చెవిలో గట్టిగా వినిపిస్తే గుబిలో జలుబో కావచ్చు, బాగున్న చెవిలోకి పోతే లోపలి నరం సంగతేమోనని అనుమానించాలి. డాక్టరు నుదుటి మీద ట్యూనింగ్ ఫోర్క్ పెట్టి చూసేదీ ఇదే. ఎటు వినిపించినా వెళ్లాల్సిందేలే.

రేపు సెలవు పెట్టెయ్. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే బండి మారకుండా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్, అక్కడి నుంచి కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి దగ్గరే. ప్రైవేటైనా సరే, ఆడియోగ్రామ్ తీసే చోటు కావాలి. హెడ్‌ఫోన్లు పెట్టి బీప్‌లు వినిపిస్తారు, వినపడగానే బటన్ నొక్కాలి. మూడు రోజుల్లోపు, వరుసగా మూడు ఫ్రీక్వెన్సీల్లో, అంటే మూడు శ్రుతుల బీప్‌ల్లో, వినికిడి 30 డెసిబెల్స్ అయినా పడిపోతే దీన్నే సడన్ హియరింగ్ లాస్ అంటారు. చాలామందిలో కారణం దొరకదు. ఎమ్మారై రాస్తే బెంబేలెత్తకు, వినికిడి నరం మీద గడ్డ లేదని తేల్చుకోడానికే.

మందు స్టెరాయిడ్. రెండు వారాల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఆశ. మాత్రలు పది పధ్నాలుగు రోజులు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు, మెడికల్ షాపులో అడిగి సొంతంగా మింగావో ఊరుకోను. నీకు షుగర్ ఉందని ముందే చెప్పు, ఈ మాత్రలతో పెరుగుతుంది. అలాంటప్పుడు కర్ణభేరి గుండా సన్న సూదితో మందు లోపలికి ఎక్కించే పద్ధతి ఉంది. ఆలస్యంగా వెళ్లాను కాబట్టి నాకూ అదే చేశారు. చురుక్కుమంది, కాసేపు తల తిరిగింది, అంతే. పక్కకు తిప్పి పడుకోబెట్టి అరగంట ఉమ్ము మింగొద్దన్నారు, సరిగ్గా అప్పుడే నోరంతా ఊరడం మొదలైంది!

ఈ రాత్రి మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి లాగేసినా తెల్లారేదాకా ఆగకు, నేరుగా ఎమర్జెన్సీకే.

ఆడియోగ్రామ్ కాగితం ఫోటో తీసి పంపు. ఫోన్ చేస్తే కాస్త ఆగి మాట్లాడు, కుడి చెవికి మార్చుకోవాలి కదా.

మామయ్య