బండి ఈఎంఐకి డబ్బుంది, రిపేరుకి లేదు

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నేను హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద, నా భార్య హెచ్-4 ఈఏడీ (నా వీసా మీద ఆధారపడిన వీసాతో వచ్చే పని అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నాం. పన్నులు పోను ఇద్దరికీ కలిపి నెలకు 13,500 డాలర్లు వస్తాయి. ఇంటి లోన్‌తో సహా ఖర్చులు 9,500. రెండేళ్ల క్రితం 2012 మోడల్ డీజిల్ మోటార్‌హోమ్ (లోపలే పడకలు, వంటగది ఉండే ప్రయాణపు బండి) 1,18,000 డాలర్లకు కొన్నాం. సేవింగ్స్‌లో ఉన్న 28,000 డౌన్ పేమెంట్‌గా కట్టి, మిగతా 90,000 తొమ్మిది శాతం వడ్డీకి పదిహేనేళ్ల లోన్ తీసుకున్నాం. ఈఎంఐ 913. స్టోరేజీ, ఇన్సూరెన్స్ కలిపి ఇంకో 330. షాద్‌నగర్ దగ్గర కొన్న ప్లాటుకి నెలకు 1,200 పంపుతున్నాం.

డీజిల్ రేటు ఎక్కువగా ఉందని అక్టోబరులో పావు ట్యాంకుతోనే బండిని స్టోరేజీలో పెట్టాం. ఏప్రిల్‌లో తీశాక ముందు జనరేటర్ ఆగి ఆగి నడిచింది, తర్వాత హైవే మీద ఇంజను ఆగిపోయింది. డీజిల్‌లో నీళ్లు చేరాయని, హై ప్రెషర్ పంపు, ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఆరు ఇంజెక్టర్లు, వాటికి డీజిల్ పంచే గొట్టం (ఫ్యూయల్ రైలు), పైపులు మార్చి ట్యాంకు కడగాలని, 14,200 డాలర్లు అవుతుందని షాపువాళ్లు అంటున్నారు. కొన్నప్పటి నుంచి 5,000 మైళ్లే తిరిగింది కాబట్టి ఫిల్టర్లు మార్చలేదు. బ్యాంకులో 6,000 ఉన్నాయి. జూలైలో అమ్మానాన్నలతో యెల్లోస్టోన్ వెళ్లాలి. షాపువాళ్లు ఆరు నెలలు వడ్డీ లేని కార్డు ఇస్తామంటున్నారు. అది మేలా, 401కె (రిటైర్మెంట్ ఖాతా) మీద లోన్ మేలా? డీజిల్‌లో కలిపే ముప్పై డాలర్ల యాడిటివ్ పోస్తే సరిపోతుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ ఉత్తరంలో నేను ఆగి రెండోసారి చదివిన అంకె 6,000. నెలకు 13,500 వచ్చే ఇంట్లో అది మూడు వారాల ఖర్చుకి కూడా చాలదు. బండి బాగానే ఉన్నా నేను ఇదే చెప్పేవాణ్ణి. ఇలాంటి ఉత్తరాలు ఈమధ్య తరచూ వస్తున్నాయి. కొన్నది ఒకరు మోటార్‌హోమ్, ఒకరు బోటు, ఇంకొకరు స్విమ్మింగ్ పూల్. లెక్క మాత్రం అందరిదీ ఒకటే: ఈఎంఐ కట్టగలమా అని చూసుకుంటారు, ఎమర్జెన్సీ ఫండ్ మొత్తం డౌన్ పేమెంట్‌లో పోస్తారు, రిపేరు వచ్చిన రోజున అప్పు కోసం వెతుకుతారు.

మీ విషయంలో ఇది మరీ ప్రమాదం. రెండు జీతాలున్నాయని మీకు ధైర్యం. కానీ ఆ రెండూ ఒకే కొక్కేనికి వేలాడుతున్నాయి. మీ ఉద్యోగం పోతే దేశంలో ఉండి వీసాకి ఇంకో స్పాన్సర్‌ కంపెనీని వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు ముందే ముగిస్తే అంతకన్నా తక్కువ. మీ స్టేటస్ పోతే ఆవిడ హెచ్-4 కూడా పోతుంది, దాంతోపాటు ఆవిడ జీతం. సిటిజన్ కుటుంబానికి మూడు నెలల ఫండ్ చాలంటారు. మీకు ఆరు నెలలకు తక్కువ కుదరదు. అంటే బండి ఖర్చులు కలపకుండానే 57,000. అన్నీ సర్దుకుని ఇండియా వెళ్లాల్సి వస్తే అయ్యే ఖర్చు దీనిపైన. "అవసరమైతే ప్లాటు అమ్మేస్తాం" అంటారేమో, మనవాళ్లందరూ అనేమాటే అది. అమ్మాలనుకున్న నెలలోనే కొనేవాడు దొరికిన వాళ్లు నాకు పెద్దగా తారసపడలేదు.

ఇక షాపు కార్డు. ఆ ఆఫర్ కాగితంలో "డిఫర్డ్ ఇంటరెస్ట్" అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే ఆరు నెలలు వడ్డీ లేదనడం అబద్ధం. వడ్డీ మొదటి రోజు నుంచే లెక్కలోకి వస్తుంది, గడువులోగా పైసాతో సహా కట్టేస్తేనే మాఫీ. 14,200 ఆరు నెలల్లో తీరాలంటే నెలకు దాదాపు 2,370 కావాలి. ప్లాటుకి పంపాక మీకు మిగిలేది 1,550. గడువు నాటికి ఇంకా 4,900 బాకీ ఉంటుంది. కార్డు వడ్డీ 30 శాతమైతే వెనకటి ఆరు నెలలకూ కలిపి 1,400 డాలర్ల పైచిలుకు ఒక్కసారిగా మీద పడుతుంది. విహారానికి వాడే బండి కోసం ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించడం లేదు.

401కె లోన్ మీద వడ్డీ మీకే తిరిగొస్తుందని ఆఫీసులో ఎవరో చెప్పే ఉంటారు. ఉద్యోగం మానేసినా, తీసేసినా చాలా ప్లాన్లలో ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా బాకీ కట్టేయాలి. కట్టకపోతే దాన్ని ఆదాయంగా లెక్కేసి పన్ను వేస్తారు, 59 ఏళ్ల 6 నెలలు నిండనివాళ్లకి సాధారణంగా ఇంకో 10 శాతం పెనాల్టీ. అంటే జీతం ఆగిన ఏడాదిలోనే ఈ బాకీ కూడా మీద కూర్చుంటుంది. హెలాక్ (ఇంటి విలువ మీద తీసుకునే అప్పు), క్రెడిట్ యూనియన్ (సహకార బ్యాంకు) పర్సనల్ లోన్ ఆ కార్డు కన్నా వడ్డీలో చౌక, కానీ తప్పు అదే. బండి అమ్మేద్దామంటే లోన్ అసలు ఇంకా 84,000 దాకా ఉంది, నడవని బండికి అంత ఇచ్చేవాడు రాడు.

మరి ఏం చేయాలి? ముందు, తొందర ఎందుకు? ఇది రోజూ ఆఫీసుకి వెళ్లే కారు కాదు. ఆగిపోయిన మోటార్‌హోమ్ వల్ల మీ జీతం ఆగలేదు. ఆ జూలై ప్రయాణం ఒక్కటే మిమ్మల్ని అప్పు వైపు నెడుతోంది. డబ్బుంటే యెల్లోస్టోన్ దగ్గరి బోజ్‌మన్ దాకా విమానంలో వెళ్లి కారు అద్దెకు తీసుకోండి, లేకపోతే పెద్దవాళ్లను దగ్గర్లో ఎక్కడికైనా తీసుకెళ్లండి. వాళ్లకి విజిటర్ ఇన్సూరెన్స్ (చూడటానికి వచ్చినవాళ్ల ఆరోగ్య బీమా) తీసుకున్నారో లేదో మీరు రాయలేదు. ఇంజెక్టర్ల కంటే ముందు అది చూడండి.

రెండోది, ఆ 14,200ను అంత సులువుగా ఒప్పుకోకండి. పాత ఫిల్టర్లు పారేయకుండా మీ ఎదుటే కోయించండి. లోపల మెరిసే లోహపు రజను కనిపిస్తే పంపు అరిగి, ఆ ముక్కలు రైలు దాటి ఇంజెక్టర్ల దాకా వెళ్లినట్టే, మొత్తం మార్చడం తప్పదు. నల్లటి జిగురు, నీళ్లు మాత్రమే ఉంటే ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, ఇంజెక్టర్ల రిటర్న్ ఫ్లో టెస్ట్ (వాటి నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను కొలిచే పరీక్ష) చేయించాకే మిగతా మాట. వాటిలో కొన్ని బతికి ఉండొచ్చు. ట్యాంకు అడుగు నుంచి తీసిన డీజిల్‌ను గాజు సీసాలో దాచండి. ఎక్కడైనా బంకులో పాడు డీజిల్ పోశారని తేలితే రసీదు, ఆ సీసా ఉంటేనే క్లెయిమ్ నిలుస్తుంది. నెలల తరబడి చేరిన నీటికి మాత్రం మామూలు బండి ఇన్సూరెన్స్ ఇవ్వదు. ఎక్స్‌టెండెడ్ వారంటీ కాంట్రాక్టుల్లో కూడా చాలావాటిలో కల్తీ ఇంధనం మినహాయింపే. సర్వీసు రసీదులు అడిగినప్పుడు మీ దగ్గర చూపించడానికి ఏమీ లేదు కూడా.

డీజిల్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ నష్టం మొదలైంది అక్కడ చేసిన పొదుపుతోనే. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోకి గాలితో పాటు తేమ వస్తుంది. రాత్రి చల్లబడినప్పుడు అది గోడలకు పట్టి నీరై అడుగుకి దిగుతుంది. నీరు, డీజిల్ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి జిగురు కడతాయి. మీ బండిలో ఆరు నెలలు జరిగింది ఇదే. ఒకే గొట్టం నుంచి ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే ఈ కామన్ రైల్ వ్యవస్థ 20,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాటిన ఒత్తిడితో పనిచేస్తుంది. పంపుకీ ఇంజెక్టర్లకీ లూబ్రికేషన్ డీజిలే కాబట్టి అవి నీటిని ఏమాత్రం తట్టుకోలేవు. జనరేటర్ కూడా అదే ట్యాంకు నుంచి తాగుతుంది. అది ఊగిసలాడినప్పుడే ఆపి ఫిల్టర్ కింది మరను తిప్పి నీరు వదిలి చూసి ఉంటే బిల్లు ఇంత దాకా వచ్చేది కాదేమో.

ఫిల్టర్లకు మైళ్ల లెక్క ఒక్కటే చాలదు. నిలబెట్టే బండికి తిరిగినా తిరక్కపోయినా ఏడాదికోసారి డీజిల్ ఫిల్టర్లు రెండూ మార్చాలి. స్టోరేజీకి ముందు ట్యాంకు నింపితే మూడు నాలుగు వందలవుతుందని మీరు ఆగారు. అది ఖర్చే కాదండీ, వసంతంలో మీరే కాల్చే డీజిల్. నింపేటప్పుడు పంపు మీద నీలం స్టిక్కర్ ఉంటే అందులో బయోడీజిల్ 5 శాతానికి మించి ఉన్నట్టు. అది తేమను ఎక్కువ పట్టుకుంటుంది, త్వరగా చెడుతుంది. ప్రయాణంలో ఫర్వాలేదేమో కానీ చలికాలమంతా నిలవ ఉంచడానికి పనికిరాదు.

డబ్బు వరుస ఇలా పెట్టుకోండి. ప్లాటు వాయిదాలు ఆపడానికి వీలుంటే ఈ నెలే ఆపండి, లేకపోతే గడువు పొడిగించమని అడగండి. అప్పుడు నెలకు 2,750 మిగులుతుంది. మొదట ఎమర్జెన్సీ ఫండ్‌ను 6,000 నుంచి కనీసం బండి ఖర్చులూ కలిపి ఒక నెల మొత్తం ఖర్చు, అంటే 11,000 దాకా తీసుకెళ్లండి, రెండు మూడు నెలల్లో అవుతుంది. ఈలోపు ట్యాంకు ఖాళీ చేయించి కడిగించడం ఒక్కటే నెలవారీ డబ్బుతో చేయించండి. ఆ తర్వాత సగం ఫండ్‌కి, సగం "బండి" అని పేరు పెట్టి వేరే సేవింగ్స్ ఖాతాకి. రిపేరు ఆ ఖాతా నుంచే. వచ్చే వసంతానికి తిరిగితే చాలు. బండి బాగయ్యాక కూడా ఆ ఖాతాలో నెలకు 350 వేస్తూ ఉండండి. ఆరు టైర్లు ఎప్పుడు మార్చారో చూశారా? ట్రెడ్ ఉన్నా ఆరేడేళ్లకు వయసైపోతుంది, దానికీ కొన్ని వేలు. ఇవన్నీ కట్టి ఫండ్ పెరగడం లేదనిపిస్తే, నడిచే స్థితిలోకి వచ్చాక నష్టానికైనా బండి అమ్మేయండి.

మీ ఫ్రెండ్ చెప్పిన యాడిటివ్ అరిగిన పంపును బాగుచేయదు. బయోసైడ్ (సూక్ష్మజీవులను చంపే యాడిటివ్) అనేది ట్యాంకు శుభ్రం చేశాక, స్టోరేజీకి ముందు, సీసా మీద రాసిన కొలతలో వేయాల్సిన మందు. ఇప్పుడు పోస్తే చచ్చిన జిగురంతా ఊడి ఫిల్టర్లకు అడ్డం పడుతుంది. శుభ్రం చేయించాక మొదటి ప్రయాణానికి అదనంగా ఒక జత ఫిల్టర్లు బండిలో పెట్టుకోండి. రోడ్డు మీద బండి లాగించడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే అది చిల్లర.