గుండె ఒకటే అయినప్పుడు ‘గుండెల్లో నొప్పి’ అనవచ్చా?

సందేహం: నేను గుంటూరులో వైద్య విద్యార్థినిని. వార్డులో గుండె పరీక్ష నేర్చుకుంటున్నాం. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన “గుండెల్లో నొప్పమ్మా” అన్నారు. అదే రాసుకున్నాను. “మనిషికి గుండె ఒకటే కదా, ‘గుండెలో నొప్పి’ అని దిద్దు” అన్నాడు తోటి విద్యార్థి. ఏది ఒప్పు?

సమాధానం: పెద్దాయన మాటే ఒప్పమ్మా, దిద్దవద్దు. తెలుగులో ‘గుండెలు’ అంటే చాలాచోట్ల రొమ్ము భాగమంతా. బిడ్డను గుండెలకు హత్తుకుంటాం, దుఃఖం పట్టలేక గుండెలు బాదుకుంటాం, దిగులు లేనివాడు గుండెల మీద చేయి వేసుకుని నిద్రపోతాడు. ఇక్కడ ఏకవచనం పెట్టి చూడండి, మాట చెడిపోతుంది. అవయవాన్నే చెప్పాలంటే గుండె జబ్బు, గుండె ఆపరేషన్, గుండె ఆగిపోయింది అంటాం. ‘గుండెల ఆపరేషన్’ అన్నవారిని నేను వినలేదు. భయం దగ్గర మాత్రం రెండూ కలిసిపోతాయి: గుండె జారిందన్నా, గుండెలు జారాయన్నా చెల్లుతుంది.

కాబట్టి ‘గుండెలో నొప్పి’ అని దిద్దితే మీరు వచనాన్ని కాదు, రోగి చెప్పిన చోటును మారుస్తున్నారు. నొప్పి రొమ్ములో ఉందన్నారాయన. అది గుండెదో, కండరానిదో, పైకి ఎగదన్నిన పులుపుదో తేల్చవలసింది మీరు. ‘గుండెల్లో మంట’ చాలాసార్లు కడుపు నుంచి వచ్చేదేనని మీకు తెలుసు. చేత్తో చూపించమనండి. పిడికిలి బిగించి రొమ్ము నడిమిన పెట్టుకుంటే గుండెను అనుమానించాలని, అలా చూపనంత మాత్రాన గుండెది కాదని కొట్టిపారేయకూడదని వైద్యులు చెబుతారు.

పరీక్ష చేసేటప్పుడు మీరు వాడే మాటల గురించి అడగలేదు కానీ, చెప్పకుండా ఉండలేను. “మీ నాడిని పరీక్షించబోతున్నాను” అంటే పెద్దవాళ్లు బెదురుతారు. “నాడి చూస్తాను, చేయి ఇలా ఇవ్వండి” అంటే చాలు. మెడ నరం ఉబ్బు చూడటానికి 45 డిగ్రీల వాలులో పడుకోబెడతారు కదా, అప్పుడు “వెనక్కి జారగిలబడండి, తల కొంచెం ఎడమవైపు తిప్పండి” అనండి. గుండెలోని మైట్రల్ కవాటం (వాల్వు) దగ్గరి చప్పుడు బాగా వినపడాలంటే రోగి ఎడమ పక్కకు తిరగాలి. దానికి మనకు ‘ఒత్తిగిలడం’ అనే చక్కని మాట ఉంది. “ఎడమ పక్కకు ఒత్తిగిలండి” అంటే పల్లెటూరి అవ్వ కూడా మరోసారి అడగదు. అయోర్టిక్ కవాటం కారడం వినడానికి కూర్చోబెట్టి, ముందుకు వంచి, “ఊపిరి పూర్తిగా వదిలి బిగబట్టండి” అనాలి. ‘వదిలి’ మరిచిపోతే అందరూ నిండా పీల్చే బిగబడతారు, మీకు వినపడవలసింది వినపడదు.

‘దడ’తో మాత్రం జాగ్రత్త. “దడగా ఉందా?” అంటే భయంగా ఉందా అన్నట్లూ వినిపిస్తుంది. “గుండె వేగంగా కొట్టుకుంటోందా, మధ్యలో ఒక దెబ్బ తప్పినట్లుందా?” అని విడదీసి అడగండి. చెప్పలేకపోతే ఆ దరువును మంచం పట్టె మీద వేలితో కొట్టి చూపించమనండి.